ఊడ దిగని చేను

కరువంటే పైరు ఎండిపోవడమే అనుకుంటారు చాలామంది. వేరుశనగ సంగతి వేరు. చేను పచ్చగా కనబడుతూనే వుంటుంది, కింద కాయ వుండదు. అనంతపురం ఎర్రనేలల్లో (2022లో ఈ జిల్లా రెండయింది) కాయ ఒలిచే కూలీకి ఇది తెలుసు. చదువుకున్నవాళ్లకే విడమర్చి చెప్పాల్సొస్తోంది.

వేరుశనగ పువ్వు తెల్లారేసరికి విచ్చుకుని ఆ పూటే వాడిపోతుంది. వారం తిరిగేసరికి పూత వచ్చిన కణుపులోంచి ఊడ బయటికొచ్చి నేలవైపు సాగుతుంది. దాని కొసలోనే అండాశయం. మట్టి, చీకటి దొరికితేనే అది కాయగా వూరుతుంది, గాలిలో వేలాడినంత కాలం కాయ కాదు. పైమట్టి ఎండి గట్టిపడిందా, ఊడ కొస అక్కడే మాడుతుంది. ఆలస్యంగా వాన పడితే మళ్లీ పూత వస్తుంది, నిజమే. నూటపది రోజులకే పీకే గుత్తిరకంలో ఆ పూత గింజ కట్టేదెప్పుడు?

ఊడ దిగితే సరిపోదు. ముందు డొల్ల పెరుగుతుంది, ఆ తర్వాతే గింజ నిండుతుంది. గింజకు కావాల్సిన చక్కెర ఆకుల నుంచి దిగుతుంది. కాల్షియం అట్లా దిగదు. వేరు పీల్చిన కాల్షియం నీటితోపాటు ఆకులకు ఎక్కి అక్కడే వుండిపోతుంది. మట్టిలోని కాయ తన తొక్కతోనే, చుట్టూవున్న తేమలోంచే దాన్ని తీసుకోవాలి. లోతు వేళ్లకు తేమ అంది ఆకు నవనవలాడుతున్నా, పైన రెండు మూడంగుళాల మట్టి ఎండితే మిగిలేవి తాలుకాయలే. పూతలో ఎకరానికి 200 కిలోల జిప్సం వేయమంటారు. మంచి మాటే. అది కరగడానికీ తడి కావాలి గదా!

ఆ తడి ఎవరి చేలో వుంది? మాల మాదిగలకు దక్కిన డీకేటీ పట్టాలు చాలావరకు గుట్టలవార పల్చటి నేలలు. 1977 చట్టం అసైన్డ్ భూముల అమ్మకాన్ని నిషేధించింది. మట్టి మందం పెంచలేదు, బోరూ వేయలేదు. బోరున్న ఆసామి ఊడదిగే వేళ ఒక్క తడి ఇచ్చి గట్టెక్కుతాడు. పక్కనే పట్టాచేను అంతే పచ్చగా వుంటుంది. గట్టుమీద నిలబడి నష్టం రాసుకునేవాడికి రెండూ ఒకటే. కొలతకింతని కాయ ఒలిచే ఆడకూలీకి మాత్రం ఆ రోజు కూలి సగానికి పడిపోతుంది.

నష్టం లెక్క రాసేవాళ్లు చేలోకి దిగి నాలుగు చోట్ల చెట్టు పీకాలి. గాలిలో మాడిన ఊడలెన్ని, నొక్కితే డొల్లగా పగిలే కాయలెన్ని, ఎంచి రాయాలి.