పుట్టిన దేశమా, పెంచిన దేశమా? ఎవరి జెర్సీ వేసుకోవాలి?

2023 వన్డే ప్రపంచకప్‌లో నవంబర్ 12న బెంగళూరులో భారత్, నెదర్లాండ్స్ తలపడ్డాయి. ఓడిపోయిన నెదర్లాండ్స్ జట్టులో అందరికన్నా ఎక్కువగా 54 పరుగులు చేసిన బ్యాటర్ తేజ నిడమానూరు. పుట్టింది విజయవాడలో, పెరిగింది న్యూజిలాండ్‌లో, స్థిరపడింది నెదర్లాండ్స్‌లో. ఆ రోజు ఆయన వికెట్ తీసింది రోహిత్ శర్మ.

పుట్టిన గడ్డకే ఎదురు నిలిచి ఆడడమేంటని కొందరు అడుగుతారు. బతుకుతున్న దేశానికి ఆడితే తప్పేముందని ఇంకొందరంటారు. పిల్లలు అమెరికాలోనో, ఆస్ట్రేలియాలోనో, గల్ఫ్‌లోనో పెరుగుతున్న కుటుంబాలకు ఇది టీవీ ముందు కాలక్షేపం వాదన కాదు. రేపు మన ఇంట్లోకే రాగల ప్రశ్న.

హైదరాబాద్‌కు ఇది కొత్త కాదు

ఆసిఫ్ ఇక్బాల్ 1943లో హైదరాబాద్‌లో పుట్టారు. భారత జట్టుకు కెప్టెన్‌గా చేసిన స్పిన్నర్ గులాం అహ్మద్‌కు దగ్గరి బంధువు. రంజీలో హైదరాబాద్ తరఫున ఆడి, 1961లో పాకిస్తాన్ వెళ్లిపోయారు. 1979-80లో అదే ఆసిఫ్ పాకిస్తాన్ కెప్టెన్‌గా భారత్‌కు వచ్చారు. అంతకుముందు అబ్దుల్ హఫీజ్ కర్దార్‌దీ ఇలాంటి కథే. 1946లో భారత్ తరఫున టెస్టులు ఆడిన ఆయనే 1952లో పాకిస్తాన్ మొదటి టెస్టు కెప్టెన్‌గా ఢిల్లీలో టాస్‌కు వచ్చారు. సరిహద్దులు మారాయి, కుటుంబాలు కదిలాయి, ఆట కూడా వాళ్లతోపాటే వెళ్లింది. ఇందులో ద్రోహం ఎక్కడుంది?

రూల్స్ ఏమంటున్నాయి?

అన్ని ఆటలకూ ఒకే రూల్ లేదు. క్రికెట్‌లో ఆ దేశంలో పుట్టినా, పౌరసత్వం ఉన్నా, వరుసగా మూడేళ్లు నివసించినా ఆడవచ్చు. అందుకే యూఏఈ, ఒమన్ జట్లలో భారత, పాకిస్తాన్ మూలాలున్న ఆటగాళ్లు అంతమంది కనిపిస్తారు. 2022 టీ20 ప్రపంచకప్‌లో శ్రీలంకపై యూఏఈ తరఫున హ్యాట్రిక్ తీసిన కార్తీక్ మెయ్యప్పన్ చెన్నైలో పుట్టినవాడు.

ఒలింపిక్స్‌లో పౌరసత్వం తప్పనిసరి. అంతకుముందు ఇంకో దేశానికి ఆడి ఉంటే మూడేళ్లు ఆగాలి. సంబంధిత ఒలింపిక్ సంఘాలు ఒప్పుకుంటే ఆ గడువు తగ్గవచ్చు. ఫుట్‌బాల్‌లో కొత్తగా పౌరసత్వం తీసుకున్నవారికి పాస్‌పోర్టు ఒక్కటే సరిపోదు. పుట్టుకతోనో, తల్లిదండ్రులు, తాత నానమ్మల ద్వారానో, ఏళ్ల తరబడి నివాసంతోనో ఆ దేశంతో అసలైన సంబంధం ఉండాలి.

డబ్బుతో కొన్న జెండా

ఈ రూల్స్ ఇంత గట్టిగా ఎందుకంటే, దానికో కారణం ఉంది. కెన్యాలో పుట్టిన స్టీఫెన్ చెరోనో 2003లో ఖతర్ పౌరుడై, సైఫ్ సయీద్ షహీన్‌గా పేరు మార్చుకున్నాడు. ఆ ఏడాదే పారిస్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌లో ఖతర్‌కు స్వర్ణం తెచ్చాడు. కానీ కెన్యా ఒప్పుకోకపోవడంతో 2004 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పరుగెత్తలేకపోయాడు. అక్కడ ఆ పోటీలో మూడు పతకాలూ కెన్యావాళ్లే గెలిచారు.

పేద దేశం కష్టపడి తయారుచేసిన అథ్లెట్‌ను ధనిక దేశం పతకం కోసం తీసుకుపోతే నష్టం ఎవరిది? మొదట ఆ పేద దేశానిది. తర్వాత, ఓడినప్పుడు ఎవరికీ అక్కర్లేకుండా పోయే ఆ ఆటగాడిది. అందుకే ప్రపంచ అథ్లెటిక్స్ సంఘం 2017లో ఈ బదిలీలన్నీ ఆపేసింది. 2018లో కొత్త రూల్స్ తెచ్చింది: మూడేళ్ల నిరీక్షణ, 20 ఏళ్లు నిండాలి, జీవితంలో ఒక్కసారే మార్పు.

సిఫాన్ హసన్ కథ వేరు. ఇథియోపియాలో పుట్టి, 2008లో పదిహేనేళ్ల వయసులో శరణార్థిగా నెదర్లాండ్స్ చేరింది. అక్కడే పరుగు మొదలుపెట్టి, అక్కడే పెద్ద అథ్లెట్‌గా ఎదిగింది. 2024 పారిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో స్వర్ణం గెలిచి, హిజాబ్‌తో పోడియం ఎక్కింది. ఫ్రాన్స్ తన సొంత క్రీడాకారిణులకు ఆ గేమ్స్‌లో హిజాబ్ అనుమతించలేదన్నది గుర్తుంచుకోవాలి. ఈమె పతకం నెదర్లాండ్స్ కొన్నది కాదు, పెంచినది.

గెలిస్తే మనోడు, ఓడితే పరాయివాడు?

అసలు చిక్కు రూల్స్‌లో లేదు, మనుషుల మనసుల్లో ఉంది. మెసుట్ ఓజిల్ జర్మనీలోనే పుట్టాడు, 2014లో జర్మనీకి ప్రపంచకప్ గెలిచాడు. 2018లో జాతీయ జట్టు వదిలేస్తూ ఆయన చెప్పింది ఇదే: గెలిచినప్పుడు తాను జర్మన్, ఓడినప్పుడు వలసదారు. మన దగ్గర 2021 టీ20 ప్రపంచకప్‌లో పాకిస్తాన్ చేతిలో ఓడాక మహమ్మద్ షమీపై సోషల్ మీడియాలో ఎలాంటి విషం కక్కారో అందరూ చూశారు. కెప్టెన్ కోహ్లీ బహిరంగంగా షమీ పక్షాన నిలబడ్డాడు. షమీ పుట్టింది ఉత్తరప్రదేశ్‌లో. అంటే ఈ గడ్డ మీద పుట్టడం కూడా కొందరికి చాలలేదన్నమాట. వఫాదారీకి పుట్టిన ఊరే కొలత అనుకునేవాళ్లు దీనికి ఏం జవాబు చెబుతారు?

కాబట్టి అడగాల్సింది ఎక్కడ పుట్టాడని కాదు. ఆ దేశంలో నిజంగా బతికాడా? ఆట అక్కడ నేర్చుకున్నాడా, అక్కడి మైదానాల్లో చెమటోడ్చాడా? ఓడిన మర్నాడు కూడా ఆ దేశం అతణ్ని తనవాడిగా చూస్తుందా? ఈ మూడింటికీ అవునన్న జవాబు వస్తే ఆ జెర్సీ అతనిదే.

తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది

భారత్ ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. విదేశీ పాస్‌పోర్టు తీసుకుంటే భారత పౌరసత్వం పోతుంది. ఓసీఐ కార్డు ఉంటే వీసా లేకుండా రావచ్చు, కానీ 2008 నుంచి అమల్లో ఉన్న క్రీడా శాఖ విధానం ప్రకారం భారత పౌరులే దేశానికి ఆడాలి. జపాన్‌లో పుట్టిన అరాటా ఇజుమి 2012లో జపాన్ పౌరసత్వం వదులుకున్నాకే భారత ఫుట్‌బాల్ జట్టుకు ఆడగలిగాడు. ఇక గల్ఫ్‌లో పుట్టినంత మాత్రాన అక్కడి పౌరసత్వం రాదు. క్రికెట్ జెర్సీ దొరికినా, నివాసం వీసా మీదే నడుస్తుంది.

పిల్లల ఆట బాగుందని కోచ్ చెప్పిన రోజునే ఈ లెక్కలు చూసుకోవాలి. ఒక దేశం తరఫున అధికారిక మ్యాచ్ ఆడేశాక వెనక్కి రావడం చాలా ఆటల్లో తేలిక కాదు.