ఊరికో నేల, ఒకటే బంతి

బోరబండలో గోల్ఫ్ కిట్టు భుజాన తగిలించుకుని స్కూటర్ తీస్తే జనం రెండోసారి తిరిగి చూస్తారు. మా వీధి చివర ఇస్త్రీ బండి అతను ఒకరోజు అడిగేశాడు: "గిది ఫిలింనగర్ పెద్దోళ్ల ఆట గద సార్, మీకెట్ల అంటుకుంది?" రాళ్ల వల్ల అంటుకుందయ్యా అన్నాను. నవ్వాడు గానీ నిజం అదే. నాది రాళ్ల సర్వే ఉద్యోగం. ఏ ఊరికి బదిలీ చేసినా అక్కడ తెల్లదొరలు వదిలిపోయిన చిన్న క్లబ్బొకటి కనిపించేది. పగలంతా సుత్తితో రాళ్లు కొట్టేవాణ్ని, సాయంత్రం కర్రతో బంతి కొట్టేవాణ్ని. అప్పట్లో గెస్టుగా ఆడనివ్వడానికి పెద్ద రుసుమేమీ ఉండేది కాదు. కలకత్తాలో పాత సామాన్ల కొట్లో కొన్న అరసెట్టు కర్రలతోనే చాలా ఊళ్లు ఆడేశాను.

మా మనవడు తొమ్మిదో తరగతి. వాడి అనుమానం ఇంకోటి. "తాతయ్యా, అన్ని ఊళ్లు తిరిగీ అదే బంతిని అదే గుంతలో వేయడమేగా? బోరు కొట్టలేదా?"

మంచి ప్రశ్నే. బంతీ ఒకటే, గుంతా ఒకటే. బంతి బరువు 45.93 గ్రాములు మించకూడదు, అడ్డంగా కొలిస్తే 42.67 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. గుంత వెడల్పు 108 మిల్లీమీటర్లు. బోరబండ పక్కనైనా, స్కాట్లండ్ సెయింట్ ఆండ్రూస్‌లోనైనా ఇంతే. కానీ ఈ రెంటికీ మధ్య ఉన్న నేల ఎలా ఉండాలో ఏ రూలూ చెప్పదు. క్రికెట్‌లో 22 గజాల పిచ్ కొలిచి, చదును చేసి, రోలర్ తిప్పి ఇస్తారు. టెన్నిస్ కోర్టుకి అంగుళాలతో సహా లెక్కుంది. గోల్ఫ్‌లో గుట్ట ఉంటే గుట్టే, వాగు ఉంటే వాగే, మర్రిచెట్టు అడ్డొస్తే దాని చుట్టూ తిరిగి పోవాల్సిందే. కాబట్టి బంతి ఒక థర్మామీటర్ అనుకోరా అన్నాను వాడితో. థర్మామీటర్ మారదు, ఎవరి చంకలో పెడితే వాళ్ల జ్వరం చెబుతుంది. బంతి మారదు, ఏ ఊళ్లో కొడితే ఆ ఊరి మట్టి గురించి, గాలి గురించి, గడ్డి గురించి చెబుతుంది.

ముందు బంతి సంగతే చూద్దాం. ఒక పాత బంతిని కడిగి వాడి చేతిలో పెట్టాను. ఒంటి నిండా చిన్న చిన్న గుంటలు, మూడు వందల నుంచి నాలుగు వందల దాకా ఉంటాయి. ఒక్కోటి మహా అయితే పావు మిల్లీమీటరు లోతు. వేలితో తడిమితే తెలుస్తాయి, దూరం నుంచి చూస్తే నున్నగానే ఉంటుంది. ఈ గుంటలు ఎవరో శాస్త్రవేత్త లెక్కలు కట్టి పెట్టినవి కావు. 1840ల దాకా బంతంటే తోలు సంచి, అందులో ఉడికించిన బాతు ఈకలు కుక్కేవారు. తర్వాత మలయా అడవుల చెట్ల పాలు గట్టిపడి తయారయ్యే గట్టాపెర్చా బంతులొచ్చాయి. చవక, నున్నన, చూడముచ్చట. అయితే కొత్తవి సరిగా ఎగిరేవి కావు. నాలుగు రోజులు దెబ్బలు తిని గాట్లు పడ్డాక మాత్రం దూసుకుపోయేవి. ఆటగాళ్లు ఇది కనిపెట్టి కొత్త బంతుల్ని సుత్తితో కొట్టి మరీ గాట్లు పెట్టుకున్నారు. గుంటల బంతికి విలియం టేలర్ అనే ఇంగ్లీషాయన పేటెంటు తీసుకునేసరికి ఇరవయ్యో శతాబ్దం వచ్చేసింది.

కారణం ఇదీ. ఎగిరే బంతిని పలచటి గాలి పొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. బంతి నున్నగా ఉంటే ఆ పొర బంతి నడుము దగ్గరికి వచ్చేసరికే నీరసించి విడిపోతుంది. వెనకాల వెడల్పాటి సుడిగుండం ఏర్పడుతుంది, అక్కడ పీడనం తక్కువ, అది బంతిని వెనక్కి గుంజుతుంది. గుంటలుంటే ఆ పొర చెదిరిపోయి, పైన వేగంగా పోయే గాలితో కలగలిసి బలం పుంజుకుంటుంది. బంతి వీపు దాకా పాకి అప్పుడు విడిపోతుంది. సుడిగుండం సన్నబడుతుంది, వెనక్కి గుంజుడు దాదాపు సగమవుతుంది. గరుకుగా ఉంటే గాలి ఎక్కువ అడ్డుతుందని మనమంతా అనుకుంటాం. ఇక్కడ లెక్క తిరగబడింది.

ఇంకోటి గిరగిరా తిరగడం. కర్ర ముఖం వాలుగా ఉంటుంది గనుక దెబ్బకి బంతి వెనక్కి తిరుగుతూ లేస్తుంది, డ్రైవర్ అనే పొడుగు కర్రతో కొడితే నిమిషానికి సుమారు రెండున్నర వేల చుట్లు. ఆ తిరుగుడుతో వెనకాల గాలిని కిందికి నెడుతుంది, గాలి బంతిని పైకి నెడుతుంది. న్యూటన్ మూడో సూత్రం, అంతే. ఎడిన్‌బరోలో పి.జి. టెయిట్ అనే భౌతికశాస్త్ర ప్రొఫెసరు దీని మీద ఏళ్ల తరబడి తలపట్టుకు కూర్చున్నాడు. ఆయన కొడుకు ఫ్రెడ్డీ 1896లోనూ 1898లోనూ బ్రిటిష్ అమెచ్యూర్ ఛాంపియన్. ఇంట్లో తండ్రి లెక్క రాస్తే కొడుకు మైదానంలో కొట్టి చూపించేవాడన్నమాట! ఎలక్ట్రాన్‌ని కనిపెట్టిన జె.జె. థామ్సన్ కూడా 1910లో లండన్‌లో గోల్ఫ్ బంతి మీద ఉపన్యాసమిచ్చాడు. నోబెల్ వచ్చిన మనిషి బంతాట గురించి మాట్లాడాడంటే మా మనవడికి భలే ధైర్యం వచ్చింది. వాళ్లమ్మకి చెప్పుకున్నాడు కూడా.

ఇక గాలి. విశాఖలో ముడసర్లోవ దగ్గర ఈస్ట్ పాయింట్ క్లబ్‌లో ఆడేటప్పుడు తోటివాళ్లు అనేవారు: "సముద్రపు గాలండీ, తేమ ఎక్కువ, బరువుగా ఉంటుంది, బంతి పోదు." చెమట కారుతుంటే గాలి బరువనిపించడం సహజం. నిజానికి తేమ గాలి పొడి గాలి కంటే తేలిక. నీటి అణువు బరువు 18, నత్రజని అణువు 28, ఆక్సిజన్ 32. బరువైనవాటిని పక్కకి నెట్టి తేలికది దూరితే మొత్తం బరువు తగ్గుతుంది గానీ పెరగదు. మరి విశాఖలో బంతి ఎందుకు తక్కువ పోయేది? ఒకటి, మధ్యాహ్నమయ్యేసరికి సముద్రం మీంచి నేల మీదికి గాలి మళ్లుతుంది, ఎదురుగా కొడితే అంతే సంగతులు. రెండు, అక్కడ మనం సముద్ర మట్టానికి దగ్గర్లో ఉన్నాం. హైదరాబాద్ 540 మీటర్ల ఎత్తు, ఇక్కడ గాలి అయిదారు శాతం పలచన. ఊటీలో వెన్‌లాక్ డౌన్స్ మీద జింఖానా కోర్సు 2,200 మీటర్ల దగ్గర, అక్కడ సుమారు అయిదో వంతు పలచన. తిన్నగా తగిలితే బంతి ఎటు పోయిందో కళ్లకి ఆనదు. కానీ ఊటీ పూర్తిగా ఉదారమేమీ కాదు. గాలి పలచనైతే అడ్డుతో పాటు పైకి నెట్టే బలమూ తగ్గుతుంది. పైగా చలికి బంతిలో రబ్బరు బిగుసుకుని, కర్ర తగిలినప్పుడు చచ్చుగా ఎగురుతుంది. అందుకే అక్కడి పాతకాపులు బంతుల్ని స్వెట్టర్ జేబులో వెచ్చగా పెట్టుకుని తిరిగేవారు.

గడ్డి దగ్గరికొస్తే మన తెలుగువాళ్లం ఆశ్చర్యపోవాలి. ప్రపంచంలో వేడి దేశాల్లో చాలా గోల్ఫ్ కోర్సుల్లో పరిచిన 'బెర్ముడా గ్రాస్' ఏమిటో తెలుసా? వినాయక చవితికి మనం రెండేసి పోచలు తుంచి పెట్టే గరిక! పొలంలో రైతు ఏళ్ల తరబడి తవ్వి పారేసినా మళ్లీ మొలిచే ఆ మొండి గడ్డే. దాన్ని ఒక ఆఫ్రికా గరికతో సంకరం చేసి అమెరికాలో జార్జియా రాష్ట్రం టిఫ్టన్ అనే ఊళ్లో సన్నటి రకాలు తయారుచేశారు, 1965 నాటికి టిఫ్‌డ్వార్ఫ్ వచ్చింది. వాటికి మొలకెత్తే విత్తనం ఉండదు. కణుపులు తుంచి నాటాల్సిందే. గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డిని, అంటే గ్రీన్‌ని, మూడు నాలుగు మిల్లీమీటర్లకి కత్తిరిస్తారు. గరిక దాన్ని కూడా తట్టుకుని బతుకుతుంది.

గ్రీన్ మీద వంగి గడ్డిని చూడండి. ఒకవైపు నుంచి చూస్తే మెరుస్తుంది, ఇంకోవైపు నుంచి చూస్తే ముదురుగా, మసకగా ఉంటుంది. మెరిస్తే పోచలు మనకి అవతలివైపుకి వాలి ఉన్నాయని, బంతి జారిపోతుందని అర్థం. మసకగా ఉంటే పోచలు మన మీదికి తిరిగి ఉన్నాయి, గట్టిగా తట్టాలి. నాకిది పుస్తకంలో దొరకలేదు. గోల్కొండలో ఒక క్యాడీ కుర్రాడు చెప్పాడు. నేను వాలు లెక్కేస్తూ నిలబడితే, "సార్, గటు గాదు, గీ నాలా దిక్కు గుంజుతది, గడ్డి సూడుండ్రి" అన్నాడు. గుంజింది. వాన నీళ్లు ఎటు పోతాయో తెలిసినవాడికి బంతి ఎటు పోతుందో తెలుస్తుంది. క్యాడీల్ని సామాను మోసే కూలీలుగా చూసే పెద్దమనుషులంటే నాకు ఒళ్లు మంట. ఢిల్లీలో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో ఇండియన్ ఓపెన్ గెలిచాడు, అంతకుముందు ఏ భారతీయ ప్రొఫెషనలూ గెలవని టోర్నీ అది.

నీళ్లు కరువైన పాత క్లబ్బుల్లో గ్రీనే ఉండేది కాదు, 'బ్రౌన్' ఉండేది. ఇసుకలో నూనె కలిపి చదునుగా పరిచేవారు. బంతి నిదానంగా, తిన్నగా పోయేది. ఆడాక మన అడుగులు మనమే చెరిపి రావాలి. చూడ్డానికి బీదగా ఉన్నా, వేసవిలో రోజుకి లక్షల లీటర్లు తాగే ఇప్పటి 18 గుంతల కోర్సుల కంటే నాకవే నచ్చేవి. రోజు మార్చి రోజు నల్లా వచ్చే పేటలో ఉండేవాణ్ని, ఆ మాత్రం అనకపోతే ఎలా? శుద్ధిచేసిన మురుగునీటితోనే గోల్ఫ్ గడ్డి పెంచాలని గట్టిగా రూలు పెట్టాలంటాను.

మట్టి విషయంలో నాకు ఇద్దరు గురువులు, కలకత్తా, హైదరాబాద్. రాయల్ కలకత్తా 1829 నాటిది, బ్రిటిష్ దీవుల బయట అంతకంటే పాత గోల్ఫ్ క్లబ్ లేదు. అక్కడంతా గంగ తెచ్చి పోసిన ఒండ్రు. ఎంత తవ్వినా రాయి తగలదు. వానాకాలంలో బంతి పడ్డచోటే బురదలో కూరుకుని కూర్చుంటుంది, దొర్లడమనే మాటే లేదు. హైదరాబాద్‌లో జానెడు మొరం కింద గ్రానైట్, దాని వయసు రెండున్నర వందల కోట్ల ఏళ్లు. ఐరన్ కర్ర కొంచెం లోతుగా దిగిందా, మణికట్టు నుంచి మోచేతి దాకా జివ్వుమంటుంది. గచ్చిబౌలిలో పీటర్ హరాడైన్ గీసిన బౌల్డర్ హిల్స్ కోర్సులో గుండ్రాళ్లు ఇల్లంతేసి ఉంటాయి. ఇవి నది దొర్లించి నున్నచేసినవని చాలామంది అనుకుంటారు. కదలనే లేదు. గ్రానైట్‌లో నిలువుగా, అడ్డంగా పగుళ్లుంటాయి, వాటిలోకి నీరు దిగి రాతిని మెల్లగా కుళ్లబెడుతుంది. మూలలకి రెండు మూడు వైపుల నుంచీ దెబ్బ, అందుకే అవి ముందు అరిగి దిమ్మ గుండ్రమవుతుంది. కుళ్లినదాంట్లో ఫెల్డ్‌స్పార్ బంకమట్టి అవుతుంది, క్వార్ట్జ్ ఇసుకై మిగులుతుంది. మనం బంకర్లో, అంటే కోర్సులోని ఇసుక గుంటలో, కాలు పెట్టి తిట్టుకునే ఇసుక ఆ క్వార్ట్జే.

హైదరాబాద్ గోల్ఫ్ కోర్సు ఉన్నది గోల్కొండ నయాఖిల్లాలో. 1656లో ఔరంగజేబు దండెత్తి వచ్చిపోయాక, పక్కనున్న గుట్ట శత్రువు చేతికి చిక్కకుండా అబ్దుల్లా కుతుబ్‌షా దాన్ని కలుపుతూ కట్టించిన గోడ అది. లోపల ఆఫ్రికా నుంచి వచ్చిన బావోబాబ్ చెట్టుంది, హతియాన్ కా ఝాడ్. మొదలు చుట్టుకొలత పాతిక మీటర్లకు పైనే. అంత మానులో గట్టి కలప తక్కువ, నీళ్లు నిలవచేసుకునే మెత్తటి కండే ఎక్కువ. కోటలో గోల్ఫేమిటని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిందే. ఆడుతూనే నేనూ అడిగాను.

మా నేల కింది రాయి చప్పుడు కూడా చేస్తుంది. 2020 అక్టోబరు మొదట్లో మా బోరబండలో రాత్రిపూట భూమి లోంచి ఢాం ఢాం అని చప్పుళ్లొచ్చాయి గుర్తుందా? జనం పిల్లల్ని ఎత్తుకుని రోడ్ల మీదికి పరుగెత్తారు. భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్.జి.ఆర్.ఐ. వాళ్లు పరికరాలు పెట్టి చూసి, చాలా చిన్న, లోతు తక్కువ ప్రకంపనలని తేల్చారు. లోతు తక్కువ, రాయి గట్టిది, అందుకే ఊగుడు తక్కువ, చప్పుడు ఎక్కువ. నాకు మాత్రం కోలార్ బంగారు గనుల క్లబ్ గుర్తొచ్చింది. అక్కడ గనులు మూడు కిలోమీటర్లకు మించి లోతు. రాతిని తవ్వేసిన చోట పైబరువు ఓర్చుకోలేక గోడలు పగిలేవి. సాయంత్రం పట్టర్ కర్ర పట్టుకుని గ్రీన్ మీద వంగి ఉంటే కాళ్ల కింద దడ్ మనేది, బంతి వణికేది. చుట్టూ బూడిదరంగు సైనైడ్ మట్టి దిబ్బలు. దడ్ మనగానే అక్కడి తెలుగు కార్మికులు ఆట కాదు, షిఫ్టులో ఎవరున్నారని అడిగేవారు. 2001లో గనులు మూతపడ్డాయి.

"మరి నువ్వు ఆడని కోర్సు ఏది తాతయ్యా?" అన్నాడు మనవడు. చంద్రుడు అన్నాను. 1971 ఫిబ్రవరిలో అపోలో 14 వ్యోమగామి ఆలన్ షెపర్డ్ అక్కడ రెండు బంతులు కొట్టాడు. గాలి లేదు కాబట్టి బంతి మీది గుంటలన్నీ దండగ. పైకి నెట్టేదీ లేదు, పక్కకి లాగేదీ లేదు. బరువు ఆరో వంతు. మైళ్లకు మైళ్లు పోయిందని ఆయన చెప్పుకున్నాడు. యాభై ఏళ్ల తర్వాత ఫొటోలు పెద్దవి చేసి కొలిస్తే మొదటిది 24 గజాలు, రెండోది 40 గజాలు అని తేలింది. పాపం, అంతరిక్ష సూటు మందానికి రెండు చేతులూ కలవక ఒంటిచేత్తో కొట్టాడు. కర్రకి తలేమో మామూలు సిక్స్ ఐరన్‌దే, వెంట తీసుకుపోయాడు. పిడి మాత్రం గోల్ఫ్‌ది కాదు, చంద్రుడి మట్టి నమూనాలు తీసే పనిముట్టుది. అంటే, మా డిపార్టుమెంటు సామానురా అది!