అతుకులోని మర్మం

కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి నేను. పదాలను విడదీయడం, మళ్ళీ కలపడం నా వృత్తి. కాని కర్రముక్కలు కలపడానికి కూడా ఒక వ్యాకరణం ఉన్నదనీ, అందులో తప్పితే క్షమాపణ ఉండదనీ పోయిన వానాకాలంలో గాని నాకు తెలిసిరాలేదు.

మా మేనల్లుడు కాకినాడలో మా ఇంట్లోనే ఉండి చదువుకుంటున్నాడు. పన్నెండేళ్ళవాడు. బాల్సా కర్రతో ఇంజను లేని విమానం బొమ్మ, గ్లైడరు, ఒకటి మూడు వారాలు కూర్చుని చేశాడు. ఆదివారం పొద్దున్న మైదానంలో దారం కట్టి లాగితే గాలిపటంలా లేచింది. అందరం చప్పట్లు కొట్టాం. మరుక్షణంలో ఎడమ రెక్క ఊడి గిరగిరా తిరుగుతూ కింద పడింది.

"తొందరపడితే ఇంతేరా!" అని వాడి స్నేహితులందరి ముందూ చీవాట్లు పెట్టాను. వాడు తల వంచుకున్నాడే గాని మారు మాట్లాడలేదు.

ఇంటికి వచ్చి రెక్క చేతిలోకి తీసుకుంటే గుండె జారింది. కర్ర ఎక్కడా విరగలేదు. అతుకే నున్నగా విడిపోయింది. అతుకు సరిగా కుదిరితే, విరిగేది పక్కనున్న కర్ర గాని అతుకు కాదు. మరి ఆ జిగురు ఎవరిచ్చారు? నేనే! వాడు తెల్ల జిగురు పెట్టి రాత్రంతా ఆరనిస్తానంటే, "క్షణంలో అంటుకునేది ఉండగా ఎందుకురా?" అని చిన్న ట్యూబు చేతిలో పెట్టాను.

అప్పుడు కూర్చుని జిగురు సంగతులు నేర్చుకున్నాను. మీ ఇంట్లోనూ ఇటువంటి పిల్లలుంటారు గనుక చెబుతున్నాను.

బాల్సా ఎక్కువగా దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ నుంచి వస్తుంది. ఘనపు మీటరు కర్ర సుమారు 160 కిలోలు. అంతే నీరు 1000 కిలోలు! అంత తేలిక గనుకనే జిగురును దాహంతో పీల్చేస్తుంది. ముక్క కొసలకు ముందొక పూత పూసి, ఆరనిచ్చి, ఆ తర్వాత మళ్ళీ పూసి అతకాలి.

క్షణంలో అంటుకునే సైనోయాక్రిలేట్ గాలిలోని చెమ్మతోనే గట్టిపడుతుంది. పలచనిది సందును పూడ్చలేదు; ముక్కలు ఒకదానికొకటి బిర్రుగా కుదిరితేనే పనికి వస్తుంది. పైగా దెబ్బ తగిలితే పెళుసుగా విడిపోతుంది. మా రెక్క అతుకులో సందు ఉండనే ఉంది. దీన్ని దూదితో తుడవకండి, వేడెక్కి పొగ వస్తుంది. మామూలు రకం థర్మకోల్‌ను కరిగించేస్తుంది కూడాను.

ఫెవికాల్ వంటి తెల్ల జిగురు నిదానం, చవక, నమ్మకం. కాని అందులో నీరున్నది. పలచని రేకు మీద ధారాళంగా పూస్తే రేకు వంకరపోతుంది. కాబట్టి కొద్దిగా పూసి, బల్ల మీద గుండుసూదులతో అదిమిపెట్టి, కింద మైనం కాగితం పరచి, తెల్లవారేదాకా ముట్టుకోకూడదు.

రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ సందులు పూడుస్తుంది, దెబ్బకు ఓరుస్తుంది. బరువు మాత్రం ఎక్కువ. అందుచేత రెక్కల నడిమి అతుకు వంటి చోట్లకే దాన్ని వాడాలి.

ఇది పిల్లల ఆట మాత్రమే అనుకోకండి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండువారి మస్కిటో విమానాలను బాల్సాకు రెండు వైపులా ప్లైవుడ్ అతికించి చేశారు. 1944లో మన దేశంలో పనిచేస్తున్న వాటిలో కొన్ని గాలిలోనే విచ్చిపోయాయి. అతుకులు సరిగా కుదరకపోవడం విచారణలో బయటపడింది. అక్కడ పోయినవి బొమ్మలు కావు, ప్రాణాలు.

మేమిద్దరం రెక్కను ఎపాక్సీతో అతికి, లోపల సన్నని ప్లైవుడ్ బద్ద ఆనించాం. "మామయ్యా, పొద్దున దాకా ముట్టుకోవద్దు!" అని ఈసారి వాడే నన్ను హెచ్చరించాడు.

తరువాతి ఆదివారం అదే మైదానంలో, అదే పిల్లల ముందు, "పోయినవారం తప్పు వీడిది కాదర్రా, నాది" అని చెప్పాను. అతుకు ఆరడానికి ఒక్క రాత్రి చాలింది. ఆ మాట నా నోట రావడానికే వారం రోజులు పట్టింది.