పంది గుండె మన ఒంట్లో ఎలా నిలుస్తుంది?

మామూలు పంది గుండెను మనిషికి అమరిస్తే నిమిషాల్లోనో గంటల్లోనో నల్లబడి ఆగిపోతుంది. ఎందుకు? పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర ఉంటుంది. మనకది లేదు. దాన్ని పట్టుకునే యాంటీబాడీలు మాత్రం మన రక్తంలో ముందే ఉంటాయి. అవి అతుక్కోగానే కాంప్లిమెంట్ అనే ప్రోటీన్ల దండు కదులుతుంది. ఒకటి ఇంకొకదాన్ని లేపుతూ వచ్చి, చివరికి కణం పొరకు సన్నటి బెజ్జం పెడతాయి. అందులోంచి నీళ్లు దూరి కణం ఉబ్బి పగిలిపోతుంది.

మరి మన కణాలెందుకు పగలవు? వాటికి కాపలా ప్రోటీన్లున్నాయి. సీడీ55, సీడీ46 ఆ దండును మధ్యలోనే విరగ్గొడతాయి. సీడీ59 బెజ్జం పూర్తికానివ్వదు.

నాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించేది సీడీ47. మాక్రోఫేజ్ అనే కణం కనబడ్డ కణాన్నల్లా తడిమి చూస్తుంది. అప్పుడు 'నన్ను తినకు, నేను మనవాణ్ణే' అని చెప్పే గుర్తు ఇదే. పంది సీడీ47 మాట మన మాక్రోఫేజ్‌కు సరిగా అర్థం కాదు.

అందుకే మనిషి జన్యువులు చేర్చిన పందుల్ని పెంచుతున్నారు. 2022 జనవరిలో అమెరికాలోని మేరీలాండ్ విశ్వవిద్యాలయ వైద్యులు 57 ఏళ్ల వ్యక్తికి అమర్చిన గుండెలో 10 జన్యు మార్పులున్నాయి: 4 పంది జన్యువులను పనిచేయకుండా ఆపి, 6 మనిషివి చేర్చారు. ఆయన రెండు నెలలు బతికారు. అన్ని వారాలూ ఆ గుండె కొట్టుకుంది.