కొత్త పేరు వెనక పాత సమస్య

అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎప్పుడూ మారుతూనే ఉంటాయి. వైటూకే రోజుల్లో మెయిన్‌ఫ్రేమ్, ఆ తర్వాత జావా, డాట్‌నెట్, డెవాప్స్, ఇప్పుడు ఏఐ. బోర్డు మారినప్పుడల్లా పదేళ్ల అనుభవమున్న బ్యాకెండ్ ఇంజినీరుకు కూడా గుబులే.

ఆ గుబులుకు కారణం లేకపోలేదు. 2014 మార్చిలో వచ్చిన జావా 8 మీదే ఎన్నో ప్రాజెక్టులు ఏళ్ల తరబడి నడిచాయి. మరోవైపు 2017 నుంచి జావా ఆరు నెలలకో కొత్త వెర్షన్ తెస్తోంది. పాత ప్రాజెక్టులో టికెట్లు క్లోజ్ చేస్తూ కూర్చున్నవాళ్లకు ఇంటర్వ్యూలో అడిగేవన్నీ తెలియని పేర్లే. కంగారులో నాలుగు కోర్సులు కొంటారు, ఒక్కటీ పూర్తికాదు. నేను గట్టిగా నమ్మేది ఒకటే: ఏ టెక్నాలజీ అయినా ఏదో ఒక ఇబ్బందిలోంచి పుడుతుంది. ముందు ఆ ఇబ్బంది ఏమిటో తెలుసుకోవాలి.

2023 సెప్టెంబరులో జావా 21తో ఖాయమైన వర్చువల్ థ్రెడ్లనే తీసుకోండి. అంతకుముందు వచ్చే ప్రతి రిక్వెస్టుకూ సర్వర్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్‌ను కేటాయించేది. ఒక్కోదాని స్టాక్‌కు దాదాపు ఒక ఎంబీ మెమరీ పక్కన పెట్టాలి. డేటాబేస్ జవాబిచ్చేదాకా ఆ థ్రెడ్ ఊరికే ఎదురుచూస్తుంది. వేలమంది ఒకేసారి వస్తే సర్వర్ చేతులెత్తేస్తుంది. 2009లో వచ్చిన నోడ్ జేఎస్ ఈవెంట్ లూప్‌తో, అదే ఏడాది గూగుల్ ప్రకటించిన గో భాష తేలికపాటి గోరొటీన్లతో ఈ ఎదురుచూపునే ఎదుర్కొన్నాయి. జావావాళ్లు థ్రెడ్‌ను ఆపి ఉంచని రియాక్టివ్ పద్ధతికి మళ్లారు, కానీ ఆ కోడ్ చదవడం, డీబగ్ చేయడం నరకం. ఎదురుచూసేటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ థ్రెడ్‌ను వదిలేసే వర్చువల్ థ్రెడ్లతో మళ్లీ మామూలు కోడే రాసుకోవచ్చు. ఎదురుచూపు దగ్గర చిక్కేమిటో తెలిసినవాడికి నోడ్, గో, వర్చువల్ థ్రెడ్లు ఒకే ప్రశ్నకు మూడు జవాబులు. తెలియనివాడికి మూడు వేర్వేరు సిలబస్‌లు.

అది తెలిసినవాడికి తర్వాతి ప్రశ్న కూడా తడుతుంది: పదివేల థ్రెడ్లు తెరిస్తే డేటాబేస్ సంగతేమిటి? జావా సర్వర్ డేటాబేస్ కనెక్షన్లను పట్టి ఉంచే హికారీ పూల్‌లో డిఫాల్ట్‌గా పది కనెక్షన్లే, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ డిఫాల్ట్‌గా అనుమతించేది వంద. క్యూ మాయం కాదు, చోటు మారుతుంది. జావా 21లో సింక్రొనైజ్డ్ బ్లాక్ లోపల ఆగిన వర్చువల్ థ్రెడ్ తనను మోస్తున్న అసలు థ్రెడ్‌నూ కట్టిపడేసేది. 2025లో జావా 24 వచ్చాకే ఆ ముడి చాలావరకు వీడింది. ఇవి సర్టిఫికెట్‌తో వచ్చే తెలివి కాదు. లోడ్ టెస్ట్ పెట్టి, ఎక్కడ విరుగుతుందో కళ్లారా చూడాలి.

డేటాబేస్‌లోని ఇండెక్స్, ట్రాన్సాక్షన్, లాక్ సంగతి మరీ ముఖ్యం. ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన రిలేషనల్ నమూనా మీదే నేటికీ మన బ్యాంకు లావాదేవీలు చాలావరకు నడుస్తున్నాయి. ఏఐ రాసిచ్చిన క్వెరీ మంచిదో కాదో చెప్పాలన్నా, డేటాబేస్ దాన్ని ఎలా నడుపుతుందో చూపే ఎక్స్‌ప్లెయిన్ ప్లాన్ చదవడం రావాలి.

ఈ నేర్చుకోవడాన్నంతా ఇంజినీరు శని, ఆదివారాల మీదికి తోసేయడం అన్యాయం. చంటిపిల్లల తల్లికి, రాత్రిళ్లు ఆన్‌కాల్ చేసేవాళ్లకు ఆ తీరిక ఎక్కడిది? ప్రతి స్ప్రింట్‌లో ఒక రోజు దీనికి వదిలి, ఆ రోజు టికెట్లు ఇవ్వకుండా ఉండటం మేనేజర్ల చేతిలోని పని. వర్చువల్ థ్రెడ్ల ప్రయోగానికి ఒక ల్యాప్‌టాప్, ఒక పోస్ట్‌గ్రెస్, ఒక మధ్యాహ్నం చాలు.