స్థిర ఫైళ్లను పాఠకుడికి దగ్గరగా ఉంచడం

మీరు కోసిగిలో ఉండి తెలుగు వికీపీడియాలో కోసిగి పేజీ తెరిచారనుకోండి. వ్యాసంతోపాటు పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్‌ఎస్, జావాస్క్రిప్టు, లోగో, ఫొటోలు కూడా విడివిడిగా మీ ఫోనుకు చేరతాయి. లోగో ఎవరు అడిగినా ఒక్కటే. ఇలా అడిగినవారిని బట్టి మారని వాటిని స్థిర ఫైళ్లు లేదా స్టాటిక్ ఫైళ్లు అంటారు. మీ మార్కుల మెమో ఈ కోవలోకి రాదు. దాన్ని అప్లికేషన్ మీ హాల్‌టికెట్ నంబరు చూసి తయారుచేయాలి.

వికీపీడియా ప్రధాన సర్వర్లు అమెరికాలో ఉన్నాయి. వర్జీనియా కేంద్రం కోసిగికి 13,000 కిలోమీటర్లకు పైగా దూరం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది కాబట్టి, కేబుల్ తిన్నగా వేశారనుకున్నా, ఒక్కసారి అడిగి జవాబు తెచ్చుకోవడానికే 130 మిల్లీసెకన్లు పడుతుంది. సురక్షిత కనెక్షన్ ఏర్పడాలంటే ఇలాంటి రాకపోకలు ఒకటికి మించి జరగాలి. సర్వర్ ఎంత వేగంగా పనిచేసినా ఈ దూరం తగ్గదు. అందుకే 2018లో ఆసియా పాఠకుల కోసం సింగపూర్‌లో కాష్ కేంద్రం ప్రారంభించారు. కోసిగి నుంచి అది సుమారు 3,300 కిలోమీటర్లు. అదే లెక్కన 33 మిల్లీసెకన్లు.

ఉప్పు ప్యాకెట్ కోసం ఎవరూ ఆదోని బస్సెక్కరు, వీధిలోని అంగట్లో కొంటారు. అంగడాయన ఆదోని నుంచి ఒకసారి తెచ్చి పెట్టుకుంటాడు. కాష్ చేసే పని ఇదే. లాగిన్ కాని పాఠకులకు వికీపీడియా వ్యాసం పేజీని కూడా ఇలాగే అందిస్తుంది. ఎవరైనా వ్యాసాన్ని సవరిస్తే పాత ప్రతిని తీసేస్తుంది.

ఇక మీరు రాసే అప్లికేషన్ సంగతి. జాంగోతో వచ్చే రన్‌సర్వర్ స్థిర ఫైళ్లను కూడా పంపుతుంది గానీ, అది అభ్యాసానికి మాత్రమే. అసలు సైట్‌లో ఫొటోలు పంపే పని అప్లికేషన్‌కు అప్పగిస్తే, నెమ్మది నెట్‌వర్క్‌లో ఉన్న ఒకరికి ఫొటో చేరేదాకా ఒక ప్రాసెస్ చిక్కుకుపోవచ్చు. పరీక్ష ఫీజు కట్టేవారు ఆగాలి. ముందు ఎన్‌జినెక్స్ వంటి వెబ్ సర్వర్‌ను పెట్టి స్థిర ఫైళ్లను దానికే వదిలేయండి. సెండ్‌ఫైల్ సదుపాయంతో ఆపరేటింగ్ సిస్టమే ఫైలును నేరుగా నెట్‌వర్క్‌కు అందిస్తుంది.

అన్నిటికంటే చౌకైనది అసలు పంపనక్కరలేని ఫైలు. 600 కిలోబైట్ల స్థిర ఫైళ్లున్న సైట్‌ను నెలలో 20 సార్లు తెరిస్తే 12,000 కిలోబైట్లు ఖర్చవుతాయి. బ్రౌజర్ దాచుకుంటే 600తో సరి. సాయంత్రానికే డేటా అయిపోయే విద్యార్థికి ఇది చిన్న తేడా కాదు. ఇందుకోసం కాష్-కంట్రోల్ హెడర్‌లో మ్యాక్స్-ఏజ్ విలువను 31536000 సెకన్లుగా, అంటే 365 రోజులుగా ఇస్తారు.

మరి రేపు సీఎస్‌ఎస్ మార్చితే? పాత ఫైలు ఏడాదిపాటు ఫోనులోనే ఉంటుంది కదా! ఇక్కడే చాలామంది పొరబడతారు. ఫైలులోని విషయం నుంచి లెక్కించిన హ్యాష్‌ను దాని పేరులో చేర్చాలి. విషయం మారితే పేరు మారుతుంది, పేరు మారితే బ్రౌజర్ కొత్తదిగా తెచ్చుకుంటుంది. ఆ కొత్త పేరును చెప్పేది హెచ్‌టీఎంఎల్ పేజీ కనుక దానికి మాత్రం ఏడాది గడువు ఇవ్వకండి. ఈట్యాగ్ పద్ధతిలో 304 జవాబు వస్తే ఫైలు మళ్లీ రాదు గానీ, అడిగిరావడానికి పట్టే సమయం మిగలదు.

తెలుగుకు సంబంధించి ఒక మాట. యూటీఎఫ్-8లో ‘కోసిగి’ అనే మూడక్షరాల పేరుకు 18 బైట్లు కావాలి. అయితే ప్రతి మూడు బైట్లలో మొదటిది ఒకటే కాబట్టి జీజిప్, బ్రాట్లీ తెలుగు పాఠాన్ని బాగా కుదిస్తాయి. జేపెగ్ ఫొటోలు, వోఫ్2 ఫాంట్లు ముందే కుదించినవి, వాటిని మళ్లీ కుదించడం వృథా శ్రమ.

మార్కుల మెమోను మాత్రం ఉమ్మడి కాష్‌లో చేరనివ్వకండి. ఒకరి మెమో ఇంకొకరికి వెళ్లే ప్రమాదముంది. దానికి నో-స్టోర్ అని ఇవ్వండి.

అభ్యాసం: కంప్యూటర్ బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ విభాగం తెరిచి, కోసిగి పేజీని రెండుసార్లు చూడండి. రెండోసారి ఏ ఫైళ్లు కాష్ నుంచి వచ్చాయో, ఎన్ని కిలోబైట్లు మిగిలాయో రాసుకోండి.