లాంచీ ఎక్కే ముందే ఆలోచించండి
(నాగార్జునకొండకు బృందంగా వెళ్లే కుటుంబాలకు ఆరోగ్య సూచనలు)

చలికాలం రాగానే సంఘ కుటుంబాలలో పిక్నిక్ మాట మొదలవుతుంది. "ఈసారి నాగార్జునకొండ వెళదాం" అంటారు యౌవనస్థులు. మంచి ఆలోచనే. సాగర్ జలాశయంలో లోయ మునిగిపోగా కొండ పైభాగం ద్వీపంగా మిగిలింది. 1954-60 మధ్య తవ్వకాలలో బయటపడిన ఇక్ష్వాకుల కాలపు కట్టడాలు కొన్నిటిని ఆ కొండపై తిరిగి నిర్మించారు. మ్యూజియం, చెట్ల నీడ, కాలిబాటలు, చుట్టూ కృష్ణానది నీరు. పిల్లలకూ పెద్దలకూ చక్కటి నడక.

అయితే ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఊళ్లో నడిచేటప్పుడు ఒంట్లో బాగోకపోతే ఆటో పిలుస్తాం. ద్వీపంలో అలా కుదరదు. లాంచీ వచ్చినప్పుడే తిరుగు ప్రయాణం. అందుకే జాగ్రత్తలన్నీ ఇంటి దగ్గరే మొదలు కావాలి.

ముందుగా తెలుసుకోవలసినవి

లాంచీలు విజయపురి సౌత్ రేవు నుండి బయలుదేరుతాయి. నీటిమట్టం, వాతావరణం బట్టి అవి ఆగిపోవచ్చు. కనుక బయలుదేరే ముందురోజే ఫోన్ చేసి అడగండి. చివరి లాంచీ ఎన్నింటికో కాగితం మీద రాసుకోండి. శుక్రవారం మ్యూజియంకు సెలవు. ఎండాకాలం మాని నవంబరు నుండి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి.

షుగర్ ఉన్నవారు

మనం ఎక్కువగా చూసే పొరపాటు ఇది. తెల్లవారుజామున బస్సు. పెద్దాయన అలవాటుగా షుగర్ మాత్ర వేసుకుంటారు, టిఫిన్ మాత్రం "అక్కడికెళ్లి తిందాం" అని వాయిదా వేస్తారు. రేవులో గంట నిరీక్షణ, ఆపై కొండ మీద నడక. ఒళ్లంతా చెమట, చేతుల వణుకు, కళ్లు తిరగడం, తికమక మాటలు. ఇవి రక్తంలో చక్కెర పడిపోయిన గుర్తులు. వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల గ్లూకోజు గాని పంచదార గాని నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తగ్గకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినిపించాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకూడదు.

ఇన్సులిన్, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వాడేవారు ఆ రోజు మోతాదు గురించి ముందే డాక్టరుగారిని అడగండి. మీరే తగ్గించుకోవద్దు. చెప్పులు లేకుండా నడవవద్దు; కొత్త బూట్లతోనూ వద్దు.

గుండె జబ్బు, బి.పి., మోకాళ్ల నొప్పులు

ఎవరు పైదాకా నడుస్తారు, ఎవరు మ్యూజియం దగ్గర నీడలో కూర్చుంటారు అన్నది ఇంట్లోనే నిర్ణయించుకోండి. కూర్చునేవారికి తోడుగా ఒకరిని ఉంచండి. నడిచేటప్పుడు ఛాతీలో బరువు, నొప్పి, ఆయాసం వస్తే అక్కడే ఆగి కూర్చోవాలి. "ఇంకొంచెమే కదా" అని నడిపించకండి. తిరుగు లాంచీ రేవు చేరేసరికి అంబులెన్సు సిద్ధంగా ఉండేలా 108కి ముందే ఫోన్ చేయండి.

బృందం సంచిలో

• మనిషికి కనీసం రెండు లీటర్ల మంచినీరు
• ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, గ్లూకోజు, బిస్కెట్లు
• రోజువారీ మందులు, ఒక పూటవి అదనంగా
• దూది, గాజుగుడ్డ, కట్టు
• టోపీలు, విజిల్, టార్చిలైటు
• అందరి పేర్లు, జబ్బులు, వాడే మందులు రాసిన కాగితం

నీటి మీద, బాట మీద

2017లో కృష్ణానది పవిత్ర సంగమం వద్ద, 2019లో గోదావరిపై కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదాలు మరువలేనివి. లైఫ్ జాకెట్టు లేకుండా లాంచీ ఎక్కకండి. పిల్లలకు వారి కొలతకు సరిపోయేది అడగండి. కిక్కిరిసి ఉంటే తరువాతి లాంచీ కోసం ఆగండి.

బాట వదలి పొదలలోకి వెళ్లవద్దు. పాము కరిస్తే కోయడం, బిగించి కట్టడం చేయకండి. ఆ కాలు కదలకుండా ఉంచి వీలైనంత త్వరగా ఆసుపత్రికి చేర్చండి.

ముందు ఒకరు, వెనుక ఒకరు బాధ్యతగా నడవండి. వెనకబడిన అత్తయ్యగారి వేగమే బృందం వేగం కావాలి. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలలు లెక్కపెట్టండి. ఎంతమంది వెళ్లారో అంతమందీ నవ్వుతూ ఇల్లు చేరితేనే అది మంచి పిక్నిక్!